గ్రాఫ్ పడిపోయిందా, మూఢం వచ్చిందా?

చంపాపేట వైపు నుంచి ఒక పాఠకురాలు ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. తన పేరు గానీ హాలు పేరు గానీ వేయవద్దన్నారు. ఉత్తరం మొత్తం వేయడం కుదరదు కాబట్టి ముఖ్యమైన సంగతులు చెబుతాను.

ఆమెకు 36 ఏళ్లు. మామగారు పాతికేళ్ల కిందట కట్టించిన ఫంక్షన్ హాల్ ఉంది. కింద పెద్ద హాలు, పైన రెండు వందల మంది పట్టే పార్టీ హాలు. ఆమె ఇంతకుముందు స్కూల్లో లెక్కలు చెప్పేవారు. కరోనా తర్వాత మామగారికి సాయంగా ఆఫీసులో కూర్చోవడం మొదలుపెట్టి, అక్కడే ఉండిపోయారు. భర్తది మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 2025 ఏప్రిల్‌లో ఆయన గూగుల్ షీట్స్‌లో బుకింగుల పట్టిక తయారుచేసి, దాని మీద లుకర్ స్టూడియోలో డ్యాష్‌బోర్డ్ (లెక్కలను గ్రాఫులుగా చూపించే పేజీ) పెట్టి ఇచ్చారు. మూడేళ్ల పాత రిజిస్టర్లు ముందేసుకుని వివరాలన్నీ అందులోకి ఎక్కించింది మాత్రం ఈమే. మే నెల గ్రాఫ్ అంతకుముందు ఏడాది మే కంటే రెండింతలు దాటింది. ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు.

నవంబర్‌లో గొడవ మొదలైంది. కార్తీకంలో మంచి ముహూర్తం ఉన్న ఒక తేదీకి మామగారు పాత స్నేహితుడికి మాట ఇచ్చి, 1,116 రూపాయలు తీసుకుని, తన ఎర్ర అట్ట రిజిస్టర్‌లో రాసుకున్నారు. షీట్‌లో అదే తేదీ ఖాళీగా కనబడటంతో ఈమె మరో కుటుంబం దగ్గర 50,000 అడ్వాన్స్ తీసుకున్నారు. చివరికి స్నేహితుడే వేరే హాలు వెతుక్కోవాల్సి వచ్చింది. పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్న మేనేజర్, ఈమె బాబాయ్ అని పిలిచే మనిషి, అందరి ముందూ "రిజిస్టర్‌లో రాసే ఉంది కదమ్మా, ఒకసారి చూసుకోవాల్సింది" అన్నారట. మామగారు ఆ రోజు నుంచి ఆఫీసుకు రావడం లేదు.

డిసెంబర్ గ్రాఫ్ నేలకు దిగింది. జనవరి ఇంకా ఘోరం. భర్త రాత్రి పదకొండింటికి ఫ్యామిలీ గ్రూప్‌లో ఎర్ర బాణాలున్న స్క్రీన్‌షాట్లు పెడుతున్నారు. ఆయన వాదన ఇది: అక్టోబర్ నుంచి మేనేజర్‌కు 118 ఎంక్వైరీలు వస్తే 13 బుక్ అయ్యాయి, ఈమెకు 41 వస్తే 14 అయ్యాయి. నవంబర్ శని, ఆదివారాల్లో గూగుల్‌లో హాలుకు దారి అడిగినవాళ్లు బాగా పెరిగారు, బుకింగులు మాత్రం పెరగలేదు. అంటే గుమ్మం దాకా వచ్చినవాళ్లను మేనేజర్ పోగొడుతున్నారు. ఆయన్ని తీసేయాలి, లేదా వచ్చిన ఎంక్వైరీల్లో ఎన్ని బుక్ అయ్యాయన్న శాతానికి జీతాన్ని ముడిపెట్టాలి. మామగారేమో గదిలోంచే "మూఢంలో పెళ్లిళ్లెవరు చేస్తార్రా" అంటారు. "మూఢం పేరు చెప్పి ఎన్నాళ్లు తప్పించుకుంటారు" అని కొడుకు. మధ్యలో ఈమె రాత్రి రెండింటికి మెలకువ వచ్చి ఫోన్‌లో డ్యాష్‌బోర్డ్ చూసుకుంటున్నారు. "మళ్లీ రిజిస్టర్‌కే వెళ్లిపోవాలా? బాబాయ్‌ని పంపించేయాలా? నేనే స్కూలుకు తిరిగి వెళ్లిపోతే అందరికీ మంచిదా?" అని అడిగారు.

ముందు డిసెంబర్ సంగతి తేల్చేద్దాం, అది తేలిక. 2025 నవంబర్ 26 నుంచి 2026 ఫిబ్రవరి 17 దాకా శుక్ర మూఢం, అంటే శుక్రుడు సూర్యుడికి దగ్గరై కనబడకుండా పోయే రోజులు, అప్పుడు పెళ్లి ముహూర్తాలు పెట్టరు. 2024 డిసెంబర్‌లో మూఢం లేదు, ధనుర్మాసం పట్టేదాకా ముహూర్తాలు ఉన్నాయి. మామూలుగా మీ హాలుకు ఊపిరి పోసే మాఘమాసం ఈసారి మొత్తం మూఢంలోనే పోతోంది. మీ డ్యాష్‌బోర్డ్ చేసిందల్లా ఒక డిసెంబర్‌ను ఇంకో డిసెంబర్ పక్కన పెట్టి తేడా చూపించడం. దానికి తెలిసిన క్యాలెండర్ అదొక్కటే. మన పెళ్లిళ్లు నడిచే క్యాలెండర్ వేరు.

ఇందులో మీవారికి అసలు రుచించని సంగతి డిసెంబర్ కాదు, మే. 2024 ఏప్రిల్ చివర్లో శుక్ర మూఢం మొదలైంది, మే మొదటివారంలో గురు మూఢం కూడా తోడైంది. ఆ మే, జూన్ నెలల్లో ముహూర్తాలే లేవు. హాళ్లన్నీ ఖాళీ. 2025 మేలో ముహూర్తాలు ఉన్నాయి కాబట్టి బుకింగులు వచ్చాయి. డ్యాష్‌బోర్డ్ పెట్టకపోయినా వచ్చేవే. మే నెల ఘనతంతా డ్యాష్‌బోర్డ్ ఖాతాలో వేసుకుని, డిసెంబర్ నింద మేనేజర్ నెత్తిన వేస్తామంటే ఎలా? మూఢాన్ని లెక్కలోకి తీసుకుంటే రెండు నెలలకూ తీసుకోవాలి. ఈ మాట ఆయనతో వాదనలా కాకుండా, షీట్ తెరిచి రెండు మే నెలలూ చూపిస్తూ చెప్పండి. లెక్క తెలిసిన మనిషి కాబట్టి లెక్కతో చెబితే వింటారు.

ఇంకో సంగతి ఇప్పుడే చెబుతున్నాను, వేసవిలో మళ్లీ టెన్షన్ పడకుండా. 2026 మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠమాసం. అప్పుడూ పెళ్లిళ్లు ఉండవు. కిందటి మేతో పోలిస్తే ఈ మే రెండో సగం ఎర్రగానే కనబడుతుంది. 2023లో ఇదే శ్రావణానికి జరిగింది. జులై 18 నుంచి ఆగస్టు 16 దాకా అధిక శ్రావణం రావడంతో అసలు శ్రావణం సెప్టెంబర్ సగం దాకా సాగింది. మీరు ఎక్కించిన పాత రిజిస్టర్లలో ఆ ఆగస్టు ఎలా ఉందో చూడండి, నమ్మకం కుదురుతుంది.

అలాగని మీవారి మాట పూర్తిగా కొట్టిపారేయలేను. మూఢం అంటే పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు అడ్డు గానీ పుట్టినరోజులకు కాదు. రిటైర్మెంట్ పార్టీలకు, కంపెనీ మీటింగులకు, పాత విద్యార్థుల కలయికలకు పంతులు గారితో పని లేదు. పైగా మీరున్నది హైదరాబాద్‌లో. సంతోష్‌నగర్, సైదాబాద్ మీకు పక్కనే. 2026లో రంజాన్ ఫిబ్రవరి మూడోవారంలో మొదలవుతుంది, ఆలోపు నిఖా, వలీమా (పెళ్లి, పెళ్లి విందు) చేసేద్దామనుకునే ముస్లిం కుటుంబాలు ఎన్నో ఉంటాయి. వాళ్ల క్యాలెండర్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఉంటుంది కాబట్టి మన మూఢాలతో దానికి సంబంధం లేదు. మీ పట్టికలో 'కార్యక్రమం రకం' అనే గడి ఉందా? ఉత్తరంలో ఆ ఊసు లేదు. లేకపోతే వెంటనే పెట్టండి. మూఢం రోజుల్లో హాలు ఎవరికి ఇచ్చాం, ఎవరు అడిగినా ఇవ్వలేకపోయాం అన్నది తెలిస్తే, మీ మామగారు చెప్పేదీ మీవారు చెప్పేదీ రెండూ నిజమేనని ఆ పట్టికే చూపిస్తుంది.

ఇక ఆ 118, ఆ 13.

కార్తీకంలో గట్టి ముహూర్తం ఉన్న రోజు తీసుకోండి. ఆ ఒక్క తేదీకి పది కుటుంబాలు మీ హాలు అడుగుతాయి. ఇవ్వగలిగేది ఒక్కరికే. మేనేజర్ ఎంత చాకచక్యంగా మాట్లాడినా పదిలో ఒకటికి మించి కావు. ఎంత మంచి ముహూర్తమైతే ఆయన శాతం అంత పడిపోతుంది! చీరల దుకాణంలో పదిమంది వస్తే పదిమందికీ అమ్మొచ్చు, హాలు విషయంలో ఆ లెక్క పనిచేయదు. మీకొచ్చే ఎంక్వైరీల్లో ఎక్కువ పైనున్న పార్టీ హాలుకు, తెలిసినవాళ్ల ద్వారా వచ్చేవని మీరే రాశారు. పుట్టినరోజుకు శనివారం కాకపోతే ఆదివారం, మధ్యాహ్నం కాకపోతే సాయంత్రం అంటారు. పెళ్లివాళ్లు అలా అనలేరు. మీ ఇద్దరి అంకెలూ పక్కపక్కన పెట్టడానికి లేనివి.

ఇంకో లోపం చూడండి. మన ఇళ్లలో ఒక్క పెళ్లికి హాలు ఒక్కరే అడుగుతారా? ముందు అమ్మాయి తండ్రి ఫోన్ చేసి రేటు కనుక్కుంటారు. సాయంత్రానికి మేనమామ చేస్తారు, "మాకు తెలిసినవాళ్లు చెప్పారు, కాస్త తగ్గించండి" అని. మర్నాడు అబ్బాయి తరఫు నుంచి ఎవరో పార్కింగ్‌లో ఎన్ని కార్లు పడతాయని అడుగుతారు. తర్వాత డెకరేషన్ వాళ్లు స్టేజి కొలతల కోసం చేస్తారు. నాలుగు నంబర్లు, నాలుగు వరుసలు. బుకింగ్ ఒకటి. షీట్ ప్రకారం మేనేజర్ ముగ్గురిని పోగొట్టారు. మీరు ఎలా రాస్తున్నారో కూడా ఒకసారి ఆలోచించండి. హాలు చూసి వెళ్లినవాళ్లనే ఎక్కిస్తున్నానని ఉత్తరంలో ఒకచోట అన్నారు. ఆయన మాత్రం రేటు అడిగి పెట్టేసినవాళ్లను కూడా నిజాయితీగా రాస్తున్నారు. రాసినందుకే ఆయన శాతం తగ్గింది.

ఫోన్ నంబర్‌కు ఒక వరుస కాకుండా కార్యక్రమానికి ఒక వరుస పెట్టండి. తేదీ, ఏ ఇంటి పెళ్లి, ఏ ఏరియా అనే మూడూ అడిగితే ఆ నలుగురూ ఒక్క వరుసలోకి వచ్చేస్తారు. దాని చివర 'ఎందుకు పోయింది' అని ఒక గడి పెట్టండి. తేదీ ఖాళీ లేదు, రేటు, పార్కింగ్, బయటి క్యాటరింగ్ ఒప్పుకోలేదు, జనం పట్టరు, తిరిగి ఫోన్ చేయలేదు. మొత్తం డ్యాష్‌బోర్డ్‌లో ఇంతకంటే పనికొచ్చే గడి ఇంకోటి ఉండదని నా అభిప్రాయం. 'తేదీ ఖాళీ లేదు' అని పోయినవి ఎవరి తప్పూ కాదు. 'బయటి క్యాటరింగ్' దగ్గర పోతుంటే అది మీరు, మామగారు కూర్చుని మార్చుకోవాల్సిన నియమం. 'తిరిగి ఫోన్ చేయలేదు' అన్నవి ఎక్కువుంటే అప్పుడు మేనేజర్‌ను అడగాలి, అడిగే హక్కూ మీకుంటుంది. ఆయన తప్పేమీ లేదని నేను తీర్పు చెప్పడం లేదు. ఇప్పుడున్న అంకెతో తప్పుందో లేదో తెలియదంటున్నాను.

హాలుకు సరిపోయే లెక్క వేరే ఉంది. ఈ ఏడాది గట్టి ముహూర్తపు రోజులు ఎన్ని, వాటిలో మీ హాలు నిండినవి ఎన్ని? మధ్యరకం రోజులు ఎన్ని, నిండినవి ఎన్ని? ముహూర్తం లేని రోజుల్లో పార్టీ హాలు ఎన్నిసార్లు తెరిచారు? ఈ మూడూ చాలు. గట్టి ముహూర్తాల్లో కూడా హాలు ఖాళీగా ఉందంటే అది నిజమైన ప్రమాదం. అవుటర్ రింగ్ రోడ్డు చుట్టూ లేచిన పెద్ద కన్వెన్షన్ హాళ్లకు జనం వెళ్లిపోతున్నారేమో, మీ ఏసీ పాతబడిందేమో చూసుకోవాలి. ఆ రోజులన్నీ నిండి, మిగతావి ఖాళీగా ఉంటే మీ వ్యాపారం బాగానే ఉన్నట్టు.

అయితే ఏది గట్టి ముహూర్తం, ఏది కాదు అని షీట్‌కు చెప్పేదెవరు? పంచాంగాల్లో కూడా తేడాలుంటాయి. ఒక పంతులు గారు పెట్టిన ముహూర్తం ఇంకొకరు ఒప్పుకోరు. ఏ తేదీకి జనం నిజంగా ఎగబడతారన్నది పాతికేళ్లు ఆ కుర్చీలో కూర్చున్న మనిషికే తెలుస్తుంది. అలాంటి మనిషి మీ ఇంట్లోనే గదిలో తలుపేసుకుని కూర్చున్నారు. 2026 మార్చి 19న ఉగాది. కొత్త పంచాంగం రాగానే ఏడాది తేదీలకు మూడు రంగులు వేసి ఇవ్వమని మామగారిని అడగండి. ఆయన్ని బుజ్జగించడానికి చెబుతున్న ఉపాయం కాదిది. ఆ రంగులు లేకపోతే మీవారి డ్యాష్‌బోర్డ్ ఇక ముందు కూడా ఇలాగే తప్పుడు బాణాలు చూపిస్తుంది. ఆ మాట మామగారికి మీవారే చెబితే ఇంకా మంచిది.

దారి అడిగినవాళ్ల లెక్క చదివి నాకు నవ్వొచ్చింది, ఏమనుకోకండి. నవంబర్ శని, ఆదివారాల్లో మీ హాల్లో పెళ్లిళ్లు జరిగాయి కదా. ఒక్కో పెళ్లికి వచ్చే వందల మందిలో చాలామంది మ్యాప్స్ తెరిచి దారి పట్టుకునే వస్తారు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, అంటే గూగుల్‌లో మీ హాలుకున్న పేజీ, వాళ్లందరినీ లెక్కేస్తుంది. భోజనానికి వచ్చిన చుట్టాలను చేజారిన కస్టమర్లు అనుకున్నారన్నమాట. అందులో 'కాల్స్' అని కనిపించేది కూడా బటన్ నొక్కినవాళ్ల సంఖ్య, మాట్లాడినవాళ్లది కాదు.

ఇప్పుడు కాస్త ఇబ్బందికరమైన ప్రశ్న. మేనేజర్ శాతం మీద మీకు అనుమానం మొదలైంది ఎప్పుడు? నాకు ఉత్తరంలో కనిపించినంతవరకు, "ఒకసారి చూసుకోవాల్సింది" అని ఆయన అందరి ముందూ అన్న తర్వాతే. అంతకుముందు ఏడు నెలలు ఆ అంకె మీ కళ్ల ముందే ఉంది. ఆయన అన్న తీరు తప్పే. రిజిస్టర్‌లో రాసిన సంగతి తెలిసి రెండు రోజులు మీకు చెప్పకపోవడం ఇంకా పెద్ద తప్పు. దాని గురించి ఆయన్ని పక్కకు పిలిచి అడగండి. "బాబాయ్, తెలిసి కూడా నాకెందుకు చెప్పలేదు? అందరి ముందూ అలా ఎందుకన్నారు?" అని సూటిగా. ఆ బాధను శాతంలో పెట్టి తీర్చుకోవాలని చూస్తే ఆయనకు ఉద్యోగం పోతుంది గానీ మీకు జవాబు దొరకదు.

తీసేయడం మీ చేతిలో ఉన్న దారే. దాని ఖరీదు కూడా తెలుసుకుని నిర్ణయించుకోండి. పదిమంది, అంతకు మించి పనిచేసే చోటైతే అయిదేళ్లు దాటినవారికి గ్రాట్యుటీ ఇవ్వాలి, ఏడాదికి 15 రోజుల జీతం లెక్కన. పద్దెనిమిదేళ్లకు అదెంతో మీకు నోటి లెక్కే. అంతకంటే బరువైనది, క్యాటరింగ్ వాళ్లు, డెకరేషన్ వాళ్లు, పంతుళ్లు, జనరేటర్ మనిషి, అందరి నంబర్లూ ఆయన ఫోన్‌లో ఉన్నాయి. మూఢం విడవగానే ఆయన ఇంకో హాల్లో కూర్చుంటారు. జీతాన్ని శాతానికి ముడిపెట్టడం ఇంకో దారి. నాకది అన్నిటికంటే చెడ్డదిగా కనిపిస్తోంది. మర్నాటి నుంచి ఆయన అడ్వాన్స్ ఇచ్చేలా ఉన్నవాళ్లనే షీట్‌లో ఎక్కిస్తారు. శాతం పెరుగుతుంది, మీవారు సంతోషిస్తారు, ఎంతమంది అడిగి వెళ్లిపోయారో ఇక మీకెప్పటికీ తెలియదు. మూడో దారి, ఆయన్ని ఉంచి వైశాఖం అయ్యేదాకా పైన చెప్పిన పద్ధతిలో రాయించడం. మే మధ్యకల్లా 'ఎందుకు పోయింది' గడి నిండుతుంది. అప్పటికీ ఆయన్ని పంపించాలనే అనిపిస్తే మీ దగ్గర కారణం ఉంటుంది. ఈ దారిలో నష్టం, అప్పటిదాకా మీవారి స్క్రీన్‌షాట్లు భరించాలి.

రిజిస్టరా, షీటా అన్న గొడవ మాత్రం అప్పటిదాకా ఆగకూడదు. అధికమాసం వచ్చేలోపు ముహూర్తాలన్నీ ఫాల్గుణం నుంచి వైశాఖం దాకా, అంటే ఫిబ్రవరి చివరి నుంచి మే 16 లోపు కుక్కుకుని ఉంటాయి. మాఘంలో చేయలేకపోయినవాళ్లు, అధికమాసం లోపు అవ్వాలనుకునేవాళ్లు అందరూ ఒకేసారి వస్తారు. ఒకే తేదీ ఇద్దరికి ఇచ్చేసే ప్రమాదం ఇప్పుడే ఎక్కువ. రిజిస్టర్‌నే అసలుదిగా పెట్టుకుని షీట్‌ను నకలు చేస్తే మామగారికి మర్యాదగా ఉంటుంది, కానీ మీరు ఇంటి నుంచి ఎవరికీ ఖాయంగా చెప్పలేరు. షీట్‌ను అసలుది చేస్తే ఆయన ప్రతిసారీ ఎవరినో అడగాలి. అడగరు. పాత రిజిస్టర్‌లోనే రాసుకుంటారు, మళ్లీ నవంబరే. నాకు తోచింది చెబుతాను, నచ్చితే చూడండి. రెండింటినీ కాదని రసీదు పుస్తకాన్ని అసలుది చేయండి. వరుస నంబర్లున్న ఒకే పుస్తకం, ఆఫీసు సొరుగులో. 1,116 తీసుకున్నా, 50,000 ఫోన్‌పేలో వచ్చినా రసీదు నంబర్ పడాలి. నంబర్ లేని బుకింగ్ బుకింగ్ కాదు. ఆ నంబర్ రిజిస్టర్‌లోనూ ఉంటుంది, షీట్‌లోనూ ఉంటుంది. మాట మాత్రం ఇచ్చిన తేదీలకు పసుపు రంగు వేసి ఎవరు ఇచ్చారు, ఎప్పటిదాకా అని రాయండి. మూడు రోజుల్లో అడ్వాన్స్ రాకపోతే రంగు తీసేయొచ్చు. మామగారు టైప్ చేయనక్కర్లేదు, మేనేజర్‌కు ఒక ఫోన్ చేస్తే చాలు. మేనేజర్ ఎక్కించకపోతే ఈసారి బాధ్యత ఎవరిదో స్పష్టంగా ఉంటుంది.

నవంబర్‌లో జరిగినదానికి మామగారికి మీరు ఏమీ చెప్పలేదని రాశారు. ఆయన స్నేహితుడి ముందు తలదించుకున్నారు, అది షీట్ తప్పా, రిజిస్టర్ తప్పా అన్నది ఆయనకు అనవసరం. "మామయ్యా, మీరు ఇచ్చిన మాట నాకు తెలియలేదు, తెలిసే ఏర్పాటు ఇంట్లో లేదు, ఇప్పుడు చేశాను, చూడండి" అనండి. తప్పంతా మీ నెత్తిన వేసుకోవద్దు, ఆయన మీద తోయవద్దు. బహుశా వెంటనే రారు. రసీదు పుస్తకం మొదటి పేజీ మీద సంతకం ఆయనతో పెట్టించండి, ఎక్కడుంటే అక్కడికి తీసుకెళ్లి.

డబ్బు గురించి ఒక మాట. రిజిస్టర్‌లో ఉండి షీట్‌లో లేని నగదు గురించి మీరు ఒక్క వాక్యం రాసి దాటేశారు. ఒకే కార్యక్రమానికి సంబంధించి ఒక వ్యక్తి దగ్గర 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టంలో 2017 నుంచి నియమం ఉంది. రెండు మూడు విడతలుగా తీసుకున్నా అదే లెక్క. జరిమానా తీసుకున్నంత మొత్తం దాకా పడొచ్చు, అదీ తీసుకున్నవారికే. మామగారు పాత పద్ధతిలో చేస్తుంటే ఈ మాట మీ నోటి నుంచో మీవారి నోటి నుంచో కాక, మీ ఆడిటర్ నోటి నుంచి వినిపించండి. ఇంట్లో గొడవ తగ్గుతుంది.

పాత కస్టమర్లందరికీ పెళ్లిరోజు శుభాకాంక్షలు పంపి, కింద హాలు ప్రకటన పెడదామన్న మీవారి ఆలోచన నాకు అంతగా నచ్చలేదు. హాలు కోసం ఇచ్చిన నంబర్ ప్రకటనల కోసం ఇచ్చింది కాదు. వ్యక్తిగత సమాచారంపై 2023లో వచ్చిన చట్టానికి 2025 నవంబర్‌లో నియమాలు కూడా వచ్చాయి, దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. ఇకనుంచి బుకింగ్ ఫారంలోనే "మెసేజ్‌లు పంపమంటారా" అని ఒక గడి పెడితే సరిపోతుంది. అదీకాక, ఆ పెళ్లిళ్లలో కొన్ని నిలిచి ఉండకపోవచ్చు. అలాంటి ఇంటికి మీ శుభాకాంక్షలు వెళ్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

రాత్రి రెండింటికి చూడటం మానాలంటే ఫోన్‌లోంచి ఆ లింక్ తీసేయండి. ఆఫీసు కంప్యూటర్‌లో వారానికి ఒకసారి, మంగళవారం పొద్దున చూస్తే చాలు, ఆ రోజు ఎలాగూ మీకు ఫంక్షన్లు తక్కువ. రాత్రి పదకొండు నుంచి రెండు లోపు ఏ బుకింగూ మారదు. మీవారికి కూడా చెప్పండి, స్క్రీన్‌షాట్ గ్రూప్‌లో వద్దు, మంగళవారం నాతో మాట్లాడండి అని. ఆయన ప్రేమతోనే చేస్తున్నారు, కానీ ఎర్ర బాణం అత్తగారికి, ఆడపడుచుకు కూడా కనబడేచోట పెడితే అది మీ ప్రోగ్రెస్ కార్డులా తయారవుతుంది. ఆయన మాదాపూర్‌లో ఉండి గ్రాఫ్ చూస్తారు, మీరు చంపాపేటలో ఉండి మనుషులను చూస్తారు. రోజూ అక్కడ కూర్చునేది మీరు కాబట్టి ఏ అంకె చూడాలో నిర్ణయించేదీ మీరే కావాలి.

స్కూలుకు వెళ్లిపోవాలా అన్నదానికి అవును, కాదు అని చెప్పలేను. వెళ్తే మీకు నెల జీతం, వేసవి సెలవులు, రాత్రి నిద్ర. హాలు మేనేజర్ చేతికి వెళ్తుంది, మామగారు తిరిగి రావచ్చు, డ్యాష్‌బోర్డ్ ఎవరూ ఎక్కించక ఆగిపోతుంది. ఉంటే పైన చెప్పిన చాకిరీ అంతా మీదే. నిర్ణయించుకునే ముందు మీ షీట్‌లో ఖర్చుల పేజీ ఒకసారి తెరవండి. మేనేజర్ జీతం, వాచ్‌మన్, పారిశుద్ధ్యం, కరెంటు, జనరేటర్ డీజిల్ అన్నీ ఉన్నాయని మీరే వరుసగా రాశారు. మీ జీతం ఆ వరుసలో లేదు. ఇన్నేళ్లుగా లేదు. ఆ గడిలో స్కూల్లో ఈపాటికి ఎంత వచ్చేదో అంతైనా రాయండి, రాసి ఈ మంగళవారమే మీవారికి చూపించండి. లాభం గీత ఆ మేరకు కిందికి దిగుతుంది. ఎందుకు దిగిందని ఆయన తప్పకుండా అడుగుతారు.